మీకు తెలుసా? కెలమంగలం పండుగల్లో చంద్రుడి లెక్కలు!

హోసూరు, రాయకోట, దెంకణికోటల నడుమ ఉన్న ఊరు కెలమంగలం. ఒకే వీధిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే చోటు! భాద్రపదం మొదలైందంటే కార్తీకం ముగిసేదాకా ఏదో ఒక ఇంట్లో పండుగ, ఏదో ఒక ఇంట్లో ఒక్కపొద్దు. ఆ మూడు నెలల చుట్టూ ఎన్ని వింతలున్నాయో ఏరి తెచ్చాం. పిల్లలూ పెద్దలూ కలిసి చదవండి!

● కెలమంగలంలో నాలుగు క్యాలెండర్లు ఒకేసారి నడుస్తాయి! తెలుగు, కన్నడ ఇళ్ళు అమావాస్యతో ముగిసే చాంద్రమాసాలు లెక్కపెడతాయి, తమిళ ఇళ్ళు సూర్యుడు రాశి మారే రోజుతో నెల మొదలుపెడతాయి, ముస్లిం ఇళ్ళు నెలవంక కోసం చూస్తాయి, బడికీ బ్యాంకుకూ మాత్రం జనవరి, ఫిబ్రవరులే!

● నాలుగే ఎక్కువనుకుంటున్నారా? స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశం మొత్తం మీద దాదాపు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయి! 1952లో శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన సంఘం వీటన్నిటినీ పరిశీలించింది, దాని ఫలితంగానే 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది.

● పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే! సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ కాబట్టి, ఆ లోటును ఎవరూ పూడ్చకపోతే 17 ఏళ్ళలో దీపావళి ఏప్రిల్ ఎండల్లోకి జారిపోయేది.

● ఆ లోటు పూడ్చేది అధికమాసం. 19 ఏళ్ళలో మామూలుగా 7 సార్లు వస్తుంది! విచిత్రమేమిటంటే, యూదుల క్యాలెండరులోనూ 19 ఏళ్ళకు 7 అదనపు నెలలే, ఎందుకంటే వాళ్ళు చూసేదీ ఇదే చంద్రుణ్ణి, ఇదే సూర్యుణ్ణి.

● రంజాన్ మాత్రం ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ తిరిగి వస్తుంది! హిజ్రీ క్యాలెండరులో అధికమాసం లేదు గనుక ఆ 11 రోజుల తేడా పేరుకుంటూ పోయి, దాదాపు 33 ఏళ్ళకు నెలలు మళ్ళీ మొదటి చోటికి చేరతాయి.

● మహాలయ అమావాస్య మర్నాడే నవరాత్రులు మొదలు కావాలి కదా? 2020లో మాత్రం ఆ మర్నాడు రావడానికి నెల పట్టింది! సెప్టెంబరు 17న మహాలయ అమావాస్య అయింది, నడుమ అధిక ఆశ్వయుజం దూరింది, నవరాత్రులు అక్టోబరు 17న మొదలయ్యాయి.

● 2001 క్యాలెండరు తీసి 2020 పక్కన పెట్టి చూడండి. మహాలయ అమావాస్య రెండేళ్ళలోనూ సెప్టెంబరు 17, దీపావళి రెండేళ్ళలోనూ నవంబరు 14! బాలల దినోత్సవం నాడే టపాకాయలు! 235 చాంద్రమాసాలూ 19 సౌర సంవత్సరాలూ ఇంచుమించు సమానం, తేడా రెండు గంటలే, అందుకే ఈ సరిజోడు.

● నెల పెరగడం చూశాం, నెల మాయమవడం విన్నారా? 1983 మొదట్లో పుష్యమాఘాలు రెండూ ఒకే నెలలో ఇమిడిపోయాయి! ఒకే చాంద్రమాసంలో సూర్యుడు రెండుసార్లు రాశి మారితే దాన్ని క్షయమాసం అంటారు. ఆ తర్వాతి క్షయమాసం 2124లో, అంటే 141 ఏళ్ళ ఎడం!

● తిథికి 24 గంటలుంటాయనుకుంటే పొరపాటే! చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి పూర్తయినట్టు. చంద్రుడి నడక కొన్నాళ్ళు చురుకు, కొన్నాళ్ళు నెమ్మది, అందుకే ఒక తిథి 20 గంటలకే ముగుస్తుంది, మరొకటి 26 గంటలు దాటిపోతుంది.

● 2025లో నవరాత్రులు తొమ్మిది కాదు, పది రోజులు! సెప్టెంబరు 22న మొదలైన పూజలు అక్టోబరు 1న నవమితో ముగిశాయి, ఎందుకంటే నడుమ ఒక తిథి రెండు సూర్యోదయాలకూ నిలిచి రెండు రోజులు కూర్చుంది.

● ఆ ఏటి విజయదశమి అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు వచ్చింది. దానికి సరిగ్గా 19 ఏళ్ళ ముందు, 2006లోనూ విజయదశమి అక్టోబరు 2నే! ఆ పాత 19 మళ్ళీ ఎదురొచ్చింది చూశారా?

● ఒక్కో పండుగకు ఒక్కో గడియారం! వినాయక చవితికి మిట్టమధ్యాహ్నం చవితి ఉండాలి, తద్దినానికి అపరాహ్ణం చూడాలి, దీపావళికి సందెవేళ అమావాస్య ఉండాలి, కృష్ణాష్టమికి అర్ధరాత్రి లెక్క, ఏకాదశికి సూర్యోదయం లెక్క. తిథి ఏ వేళకైనా మారవచ్చు కాబట్టే క్యాలెండరులో ఒకే గడిలో రెండు తిథులు కనబడతాయి.

● విశాఖపట్నంలో సూర్యుడు కెలమంగలం కంటే దాదాపు 22 నిమిషాలు ముందు పొడుస్తాడు! విశాఖ తూర్పున అయిదున్నర డిగ్రీల దూరంలో ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఆ 22 నిమిషాల్లో తిథి మారిందంటే, ఒకే తెలుగు పండుగ రెండు ఊళ్ళలో రెండు రోజులకు పడవచ్చు!

● మరి అమెరికాలో? కెలమంగలం నుంచి న్యూజెర్సీకి వెళ్ళిన పిల్లలు అక్కడ ఏకాదశి ఒకరోజు ముందే ఉండాల్సి రావచ్చు! అక్కడ తెల్లవారేది మనకు మధ్యాహ్నం దాటాకే, అందుకే అక్కడి తెలుగువాళ్ళకు వాళ్ళ ఊరి సూర్యోదయంతో వేరే పంచాంగం గుణిస్తారు.

● కెలమంగలంలో గడియారం పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడు నడినెత్తికి రాడు, మామూలుగా 18, 19 నిమిషాలు ఆలస్యం. కానీ నవంబరు మొదటివారంలో ఆ ఆలస్యం రెండు నిమిషాలకు తగ్గిపోతుంది! భూమి కక్ష్య కోడిగుడ్డు వాటంగా ఉండటం, భూమి ఒరిగి తిరగడం, రెండూ కలిసి ఆ రోజుల్లో సూర్యుణ్ణి 16 నిమిషాలు ముందుకు నెడతాయి.

● టైటన్ గడియారాలు తయారయ్యేది పక్కనే హోసూరులో. ఆ గడియారంలోని క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది! 1984లో ఏర్పడిన కంపెనీ అది, సెకనును అంత సన్నగా తరిగే ఊరు పండుగ మాత్రం నెలకొక్క చుట్టు తిరిగే చంద్రుణ్ణి అడిగే చేసుకుంటుంది.

● వినాయక చవితి చంద్రుణ్ణి చూడకూడదంటారు. అసలు చూడటానికి ఎంత కనబడతాడో చెప్పుకోండి చూద్దాం! చంద్రబింబంలో వెలిగేది పదో వంతు నుంచి ఆరో వంతు దాకానే, అదీ రాత్రి తొమ్మిది ప్రాంతానికి అస్తమిస్తుంది. తొమ్మిది దాకా తల వంచుకుంటే గండం గడిచినట్టే!

● వినాయకుడికి తులసి పెట్టరు, కానీ చవితి నాటి 21 పత్రిలో తులసి ఉంటుంది! ఏడాది పొడుగునా ఉన్న ఆ నిషేధం ఆ ఒక్కరోజుకు సడలుతుందని సంప్రదాయం.

● విష్ణుమూర్తి నాలుగు నెలలు నిద్రపోతాడు, నడుమ ఒక్కసారి పక్కకు ఒత్తిగిలుతాడు! ఆషాఢ శుద్ధ ఏకాదశికి పడుకుని, భాద్రపద శుద్ధ ఏకాదశికి అటు నుంచి ఇటు తిరిగి, కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడు. అందుకే నడిమి ఏకాదశికి పరివర్తన ఏకాదశి అని పేరు.

● ఏడాదికి ఏకాదశులు 24, అధికమాసం వస్తే 26! ఈ మూడు నెలల్లోనే ఆరున్నాయి: పరివర్తిని, ఇందిర, పాశాంకుశ, రమా, ప్రబోధిని, ఉత్పన్న. మీ ఇంట్లో అవ్వను అడగండి, ఎన్ని పేర్లు చెబుతారో!

● ఉపవాసం కన్నా, దాన్ని విడవడం కష్టమైన రోజులున్నాయి! ద్వాదశి దాటకముందే పారణ చెయ్యాలి, ఆ ద్వాదశి ఒక్కోసారి పొద్దు పొడిచిన కాసేపటికే ముగుస్తుంది. అంబరీషుడు సరిగ్గా అలాంటి గడియలోనే దూర్వాసుడి కోసం ఎదురుచూస్తూ నీళ్ళు మాత్రం పుచ్చుకున్నాడు, భాగవతం ప్రకారం అది కార్తీక మాసమే.

● ఒక్కపొద్దునాడు తినే గెనుసుగడ్డ మన దేశపు పంట కాదు, అమెరికా ఖండాలది! సగ్గుబియ్యం తీసే కర్రపెండలం కూడా దక్షిణ అమెరికా నుంచే వచ్చింది. ఇప్పుడు దేశానికి సగ్గుబియ్యం పంపే పెద్ద కేంద్రం ఎక్కడో కాదు, మన కృష్ణగిరి జిల్లాకు దిగువన ఉన్న సేలం!

● చాతుర్మాస్య వ్రతంలో నెలకొకటి మానేస్తారు: మొదటి నెల కూరలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు! మాధ్వుల ఇళ్ళలో ఈ వరస గట్టిగా పాటిస్తారు, పప్పు లేని చారు ఎంత రుచిగా కాయవచ్చో వాళ్ళ వంటింట్లోనే చూడాలి.

● కోడికూర అంగడికి ఇక్కడ వరసగా రెండు గడ్డు నెలలు! సెప్టెంబరు 17 ప్రాంతంలో మొదలయ్యే పురటాసి నెలలో తమిళ ఇళ్ళు మాంసం మానేస్తాయి, అది ముగిసిన కొన్నాళ్ళకే దీపావళి దాటి కార్తీకం వస్తుంది, అప్పుడు తెలుగు ఇళ్ళ వంతు. కోళ్ళకు మాత్రం ఇంతకన్నా మంచి కాలం లేదు!

● పురటాసి శనివారాలు వేంకటేశ్వరుడివి. ఆ స్వామికి తిరుమలలో కొన్నేళ్ళు రెండేసి బ్రహ్మోత్సవాలు! అధికమాసం పడిన ఏడాది సాలకట్ల బ్రహ్మోత్సవాలు ఒకటి, నవరాత్రి బ్రహ్మోత్సవాలు ఒకటి. 2023లో సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో మళ్ళీ ఒకసారి వాహనాలు కదిలాయి.

● మహాలయ పక్షం మనకు భాద్రపదం, ఉత్తరాదివాళ్ళకు ఆశ్వయుజం! రోజులు అవే, పితృదేవతలు వాళ్ళే, నెల పేరే వేరు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది.

● శ్రీకృష్ణదేవరాయలు దసరా తొమ్మిది రోజులూ ఉపవాసమే, భోజనం అర్ధరాత్రికే! 1520 ప్రాంతంలో విజయనగరం మహర్నవమి చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ మాట రాశాడు. రాజు కూర్చుని ఉత్సవం చూసిన మహర్నవమి దిబ్బ హంపిలో ఇప్పటికీ ఉంది.

● ఆ ఉత్సవపు వారసత్వం మైసూరుకు చేరింది, అక్కడ జంబూసవారీలో ఏనుగు మోసే బంగారు అంబారీ బరువు 750 కిలోలు! 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్టణంలో మొదలుపెట్టిన దసరా ఇది. 18వ శతాబ్దం చివరిదాకా హోసూరు సీమ కూడా మైసూరు ఏలుబడిలోనే ఉండేది.

● బంతిపువ్వు లేని దసరాను ఊహించగలరా? 1492లో కొలంబస్ అమెరికా చేరేదాకా మన దేశంలో బంతిపూల తోరణమే లేదు! దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడ కూడా నవంబరు మొదటి రెండు రోజుల్లో చనిపోయిన పెద్దలను తలచుకుంటూ బంతిపూలే పరుస్తారు!

● ఇప్పుడా బంతీ, చేమంతీ, రోజా కెలమంగలం, హోసూరు చుట్టుపక్కల తోటల్లో ఎకరాలకెకరాలు పండుతాయి. ఆయుధపూజ ముందు పూల మార్కెట్టు చూడాలి! తెల్లారకముందే తడిగోనె సంచుల్లో పూలు దిగుతాయి, తూకం వేసేవాళ్ళ ముంజేతులు పసుపు పొడికి పచ్చబడతాయి, గంట గంటకూ ధర మారుతుంది. ఎందుకంత గిరాకీ? ఆ రోజు హోసూరు కర్మాగారంలోని పెద్ద యంత్రం నుంచి మెకానిక్కు చేతి పానా దాకా అన్నిటికీ దండ పడాలి!

● విజయదశమికి మొక్కే జమ్మిచెట్టు తెలంగాణకు రాష్ట్ర వృక్షం. అదే చెట్టు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు జాతీయ వృక్షం! ఎడారి ఇసుకలోనూ లోతుకు వేళ్ళు దింపి బతికే మొండి చెట్టు అది. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా ఇదే.

● బొమ్మల కొలువుకు ఎన్ని మెట్లు కట్టాలి? మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, ఎన్నయినా సరే, బేసి సంఖ్య కావాలి! సరిసంఖ్య మెట్లతో కొలువు పెట్టడం ఆనవాయితీ కాదు, లెక్కపెట్టి చూడండి.

● దుర్గాష్టమి రాత్రి చంద్రుడు సగం వెలుగుతాడు, వెన్నెల కూడా పున్నమిలో సగం ఉంటుందనుకుంటున్నారా? కాదు, దాదాపు పదో వంతే! పున్నమినాడు సూర్యుడి వెలుగు చంద్రుడి మీద నేరుగా పడుతుంది, అష్టమినాడు పక్కగా పడి గుట్టలూ గుంతలూ నీడలు పరుస్తాయి.

● కెలమంగలంలో ఒక ఇంట్లో దీపావళి తెల్లవారుజామున, పక్కింట్లో సందెవేళ! తమిళులకు చతుర్దశి తెల్లవారుజామున తలంటు, గంగాస్నానం, కొత్తబట్టలు, ఒక ఉండ దీపావళి లేహ్యం ముఖ్యం, తెలుగువాళ్ళకు అమావాస్య సందెదీపం ముఖ్యం. 2024లో, 2025లో రెండూ ఒకేరోజు పడటంతో పిల్లలకు పొద్దునా సాయంత్రమూ టపాకాయలే!

● ఆ టపాకాయల్లో పదింట తొమ్మిది పుట్టేది ఒకే ఊరి చుట్టుపక్కల! అది తమిళనాడులోని శివకాశి. వాన తక్కువ, గాలి పొడి, మందుసామాను ఆరబెట్టడానికి అనువైన నేల.

● కేదారేశ్వర నోములో అన్నీ ఇరవయ్యొకటే! తోరానికి 21 పోగులు, 21 ముడులు, 21 తమలపాకులు, 21 వక్కలు, 21 కజ్జాయాలు. నానిన బియ్యం దంచి, బెల్లం పాకంలో కలిపి, అరచేత తట్టి నూనెలో వేస్తారు. పైకి తేలగానే రెండు గరిటెల నడుమ అదిమి నూనె పిండుతారు. అప్పుడు వచ్చే వాసనకు నైవేద్యం అయ్యేదాకా ఆగడమే పిల్లలకు పెద్ద ఉపవాసం!

● ఆ 21 ఎక్కడిది? ఆశ్వయుజ శుద్ధ దశమి నుంచి అమావాస్య దాకా తిథులు లెక్కపెట్టండి. పున్నమి దాకా ఆరు, ఆ పైన పదిహేను, మొత్తం ఇరవయ్యొకటి! గౌరీదేవి ఇన్నాళ్ళూ వ్రతం చేసి శివుడి శరీరంలో సగమైందని కథ.

● ఏడాదికి ఒక్కరోజు సెలవు దొరికే రాజు ఎవరో చెప్పగలరా? బలిచక్రవర్తి! దీపావళి మర్నాడు బలిపాడ్యమినాడు తన ప్రజలను చూడటానికి పాతాళం నుంచి వస్తాడని నమ్మకం, కన్నడ ఇళ్ళలో ఆ రోజు పెద్ద పండుగ.

● 2022లో దీపావళి మర్నాడు సూర్యగ్రహణం, కార్తీక పౌర్ణమినాడు సంపూర్ణ చంద్రగ్రహణం! అక్టోబరు 25న ఒకటి, నవంబరు 8న ఇంకొకటి. సూర్యగ్రహణం అమావాస్యకే, చంద్రగ్రహణం పున్నమికే పడతాయి కాబట్టి పండుగ తిథులకూ గ్రహణాలకూ ఇలా అప్పుడప్పుడు ముఖాముఖి తప్పదు.

● కార్తీక సోమవారం నక్షత్రం చూశాకే భోజనం. కానీ చాలాసార్లు మనం మొదట చూసేది నక్షత్రమే కాదు! సందెవేళ అన్నిటికన్నా ముందు మెరిసేది శుక్రుడో గురుడో అయివుండవచ్చు. మినుకు మినుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. ఈసారి కంచం ముందు కూర్చునే ముందు పరీక్షించండి!

● కార్తీక పౌర్ణమినాడు చంద్రుడి దగ్గర ఉండే కృత్తికల వెలుగు మనకు చేరడానికి సుమారు 440 ఏళ్ళు పడుతుంది! అంటే మన కంటికి తగిలే ఆ వెలుగు బయలుదేరేటప్పటికి విజయనగర రాజులు హంపి వదిలి పెనుకొండ నుంచి ఏలుతున్నారు.

● కార్తీక పౌర్ణమికి వెలిగించేది 365 వత్తుల కట్ట. కానీ అదే చంద్రుడి ఏడాదికి 354 రోజులే! ఏడాదిలో ఏ రోజు దీపం పెట్టడం తప్పినా ఇక్కడ చెల్లిపోవాలని ఈ కట్ట. చంద్రుడి పండుగకు సూర్యుడి లెక్క! పత్తి విడదీసి, వేళ్ళ మధ్య నలిపి ఒక్కొక్కటీ చేసి దారంతో బిగించి, ముందురోజే నేతిలో నానబెడితేనే కట్ట మొత్తం ఒకేసారి అంటుకుంటుంది.

● కెలమంగలంలో కార్తీక దీపం కొన్నేళ్ళు రెండుసార్లు! 2025లో తెలుగువాళ్ళ కార్తీక పౌర్ణమి నవంబరు 5న, తమిళుల కార్తిగై దీపం డిసెంబరు 3న. తెలుగు కార్తీకం చంద్రుడిది, తమిళ కార్తిగై సూర్యుడిది. 2023లో మాత్రం నవంబరు 26 సాయంత్రం రెండిళ్ళ ముందూ ప్రమిదలే!

● ఆ తమిళ దీపాల్లో ఎంతో పేరున్నది 2,668 అడుగుల కొండ కొమ్మున వెలుగుతుంది! కృష్ణగిరి జిల్లాకు పొరుగునే ఉన్న తిరువణ్ణామలై కొండది. అంత ఎత్తున వెలిగే జ్యోతి కాబట్టే ఎంతో దూరానికి కనబడుతుంది.

● కార్తీకంలో ఈ సీమకు ఎవరూ పిలవని చుట్టాలొస్తారు, ఏనుగులు! ఏటా అక్టోబరు తర్వాత బన్నేరుఘట్ట అడవుల నుంచి తళి, జవళగిరి మీదుగా హోసూరు, దెంకణికోట అడవులకు గుంపులు దిగుతాయి. సరిగ్గా అప్పుడే చేలల్లో రాగి వెన్నులు పాలుపోసుకుంటాయి, వాటికా సంగతి ఏ పంచాంగమూ చెప్పనక్కర్లేదు!

● తులసమ్మకు ఏటా పెళ్ళి, పెళ్ళికొడుకు వైపు ఉసిరికొమ్మ! క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి విష్ణువుగా భావించి పూజిస్తారు, ఆ ఉసిరిలో నారింజకన్నా ఎన్నో రెట్లు విటమిన్ సి.

● నిమిషంతో సహా ముహూర్తం చెప్పే నది పండుగ ఒకటుంది! అక్టోబరు 17 ప్రాంతంలో సూర్యుడు తులారాశిలో అడుగుపెట్టే క్షణాన కొడగులోని తలకావేరిలో కావేరమ్మ ఉబికి వస్తుందని వేలమంది కనిపెట్టుకుని ఉంటారు. ఇది చంద్రుడితో పనిలేని పండుగ.

● మన పండుగలు ఋతువుల మీద నెమ్మదిగా జారుతున్నాయి, దాదాపు 72 ఏళ్ళకు ఒక్కరోజు చొప్పున! భూమి ఇరుసు బొంగరం తలలా మెల్లగా తిరుగుతుంది. అందుకే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు సెప్టెంబరు 23న వస్తే, పంచాంగంలో తులాసంక్రమణం ఇప్పుడు 24 రోజులు ఆలస్యంగా వస్తోంది.

● పాత శాసనంలో సంవత్సరం, నెల, తిథి, వారం ఉంటే చాలు, అది ఏ ఇంగ్లీషు తేదీనో చెప్పేయవచ్చు! ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై అనే పండితుడు క్రీ.శ. 700 నుంచి 1799 దాకా, అంటే 1,100 ఏళ్ళకు రోజువారీ పట్టికలు గుణించి పెట్టాడు, కంప్యూటరు పుట్టకముందే!

● చంద్రుడు మన నుంచి ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు! అపోలో యాత్రికులు అక్కడ పెట్టివచ్చిన అద్దాలకు లేజరు కొట్టి కొలిచిన లెక్క ఇది. కంగారు పడకండి, ఎన్ని తరాలైనా మన తిథులకు ఢోకా లేదు.

● చివరిగా మీ గురించే ఒక వింత! మీరు పుట్టిన తేదీ, పుట్టిన తిథి రెండూ 19వ పుట్టినరోజుకు మళ్ళీ కలుస్తాయి, తప్పితే ఒక్కరోజు అటూ ఇటూ. తర్వాత 38కి, 57కి, 76కి కూడా! అవ్వకు 76, అమ్మకు 57, అన్నకు 38, చెల్లికి 19 ఉన్న ఇల్లు దొరికితే నలుగురికీ ఒకే ఏడాది జంట పుట్టినరోజులే. మీ ఇంట్లో ఎవరి వంతు దగ్గరపడిందో వెంటనే పంచాంగం తీసి చూసుకోండి!